స్వీడను వలసవారి దుంగల యిండ్లు



ఐరోపాఖండమునకు ఉత్తరపు కొసన స్వీడను అను దేశము గలదు. దాని ఉత్తరభాగమున శీతకాలమందు సూర్యుడు మధ్యాహ్నవేళ కొంతసేపు ముఖము చూపి క్రుంకును. మఱికొంత పైకి బోయినచో కొన్ని దినములు అసలే కనబడడు. నేలలో సగమునకు మించి అడవి, మిగిలినదానిలో రాళ్లు మెండు. 1850వ సంవత్సరమున ఆ దేశపు జనసంఖ్య ముప్పది యైదు లక్షలకు లోపు. ఆ తరువాత 1930 వఱకు, అనగా ఎనుబది యేండ్లలో, పండ్రెండు లక్షలకు మించిన జనులు పుట్టిన నేల విడిచి అట్లాంటికు మహాసముద్రము దాటి అమెరికాకు బోయిరి. ఇంతటి చిన్న దేశమునుండి అంతమంది వెడలిపోవుట సామాన్యవిషయము గాదు. వారందఱి కథ చెప్పుటకు ఒక ప్రసంగము చాలదు. అందుచేత వారిలో ఒక చిన్న గుంపును, 51 మందిని మాత్రము తీసికొని, వారు ఎందుకు బోయిరి, ఎట్లు బోయిరి, బోయి యెట్టి యిండ్లలో తల దాచుకొనిరి అను సంగతులు మనవిచేసెదను.

మొదట ఎందుకు బోయిరో విచారింతము. 1814 తరువాత స్వీడను ఏ యుద్ధములోను దిగలేదు. 1816లో మశూచికమునకు టీకా వేయించుట నిర్బంధము చేసిరి. బంగాళాదుంప పొలములలో వ్యాపించి, ధాన్యము పండని రాతినేలనుండి కూడ కడుపుకు కూడు రాబట్టెను. ఈ మూడును మేళ్లే. ఈ మూడు మేళ్లవలననే పసిబిడ్డలు చావక బ్రదికిరి, జనము పెరిగెను. 1800లో ఇరువది మూడున్నర లక్షలుగా నున్నది 1850 నాటికి ముప్పది యైదు లక్షలకు సమీపించెను. జనము పెరిగినట్లు నేల పెరుగదు గదా. తండ్రి పొలము కొడుకుల నడుమ చీలికలైనది. చీలిక కూడ దక్కనివాడు పెద్దరైతు నేలలో ఒక గుడిసె వేసికొని, కౌలుకు బదులు వారమునకు ఇన్ని దినములని ఆ రైతు పొలమున వట్టిపని చేయవలసి వచ్చెను. ఇట్టివారిని ఆ భాషలో టోర్పారు అందురు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పవలెను. గ్రామపెద్దలకు ఇది ప్రత్యేకముగా వినదగినది. పూర్వము స్వీడనులో రైతుల యిండ్లన్నియు ఒక్కచోట గుమిగూడి యుండెడివి. ఒక్కొక్కరి పొలము ముక్కలు ముక్కలుగా ఊరిచుట్టు చెదరి యుండెడివి. 1827లో ప్రభుత్వమువారు ఒక శాసనము చేసి, ఎవరి చెదరు ముక్కలను వారికి ఒక్కచోటికి చేర్చి యిచ్చుటకు ఏర్పాటు చేసిరి. వ్యవసాయమునకు ఇది లాభించెను. కాని తన పొలము ఊరికి దూరమున బడినవాడు ఇల్లుకూడ అచ్చటికే మార్చుకొనవలసి వచ్చెను. వారి యిండ్లు కొయ్యదుంగలతో పేర్చినవి గనుక, దుంగలకు వరుసగా గుర్తులు పెట్టి, ఇంటిని విప్పి, బండ్లమీద వేసికొని పోయి, క్రొత్తచోట ఆ గుర్తుల ననుసరించియే మరల పేర్చుకొనిరి. ఇల్లు చెడకుండ కదలెను. ఊరు మాత్రము విచ్చిపోయెను. తాతలనాటినుండి ఇరుగుపొరుగుగా నున్నవారు అరక్రోసు దూరమున ఒంటరులైరి. ఇల్లు కదల్చుట యెట్లో తెలిసినవారికి, ఊరి కట్టు తెగినవారికి, దేశము కదలుట అంత కష్టముగా తోపక పోయి యుండవచ్చునని నా యూహ.

ఈ స్థితిలో కఱవు వచ్చినది. 1867లో వసంతము రావలసిన కాలమునకు రాక మంచు నేలను విడువలేదు. ఉత్తరమండలములలో పైరు పండకమునుపే శీతము మరల దిగెను. మఱుసటి యేడు దక్షిణమున అనావృష్టి. 1869లోను కష్టము తీరలేదు. ఉత్తరపు జనులు సరళవృక్షముల లోపలి బెరడు నొలిచి, ఎండబెట్టి, దంచి, పిడికెడు పిండిలో కలిపి రొట్టెలు కాల్చుకొని తినిరి. ఆ 1869వ సంవత్సర మొక్కదానిలోనే ముప్పది వేలమందికి పైగా దేశము విడిచిరి. అంతకు ముందే, 1860లో, విదేశము పోవుటకు రాజముద్రగల అనుమతిపత్రము కావలె నన్న నిబంధనను తీసివేసి యుండిరి. ఆవిరియోడలు కూడ వచ్చెను గనుక ప్రయాణము నెలలనుండి దినములలోనికి దిగెను. తలుపు తెఱచి యుండెను, లోపల ఆకలి, వెలుపల నేల.

ఆ నేల సంగతి. అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుడు అబ్రహాము లింకను 1862 మే 20వ తేదీన ఒక చట్టముపై సంతకము చేసెను. దానిని హోంస్టెడ్ చట్టమందురు. ఇరువదియొక యేండ్లు నిండినవాడుగాని, కుటుంబమునకు యజమానిగాని యైన యెవ్వడైనను, ఆ దేశపు పౌరుడై యున్నను, పౌరుడు కాగోరుచున్నానని ప్రకటించినను, ప్రభుత్వపు బంజరులో 160 ఎకరములు కోరవచ్చును. దాని మీద ఇల్లు కట్టి, అయిదేండ్లు కాపురముండి, సాగుచేసిన పిదప అది అతనిదే యగును. కొద్దిపాటి దాఖలు రుసుము తప్ప వెల లేదు. పెండ్లి గాని స్త్రీలకును, విధవలకును ఈ హక్కు కలదు. స్వీడనులో ఒక ఎకరము రాతినేలకై జీవితమంతయు వట్టిచాకిరి చేసినవానికి 160 ఎకరములను మాట చెవిని బడగానే ఎట్లుండునో మీరే తలపోయుడు. వేలకొలది స్వీడను కుటుంబములు ఈ చట్టము నమ్మి మిన్నెసోటా, నెబ్రాస్కా, కాన్సాసు మున్నగు పడమటి మండలములకు నడచినవి. అడవి యున్నచోట దుంగల యిండ్లును, చెట్టు లేని గడ్డి మైదానములలో వేళ్లతో కూడిన గడ్డిపెళ్లలను నాగలితో కోసి పేర్చిన మట్టియిండ్లును వేసికొనిరి.

నేను చెప్పబోవు 51 మంది పడమటికి పోలేదు. వారు పోయినది అమెరికాకు ఈశాన్యమూలనున్న మెయిన్ అను రాష్ట్రమునకు. అచ్చటి బంజరు లింకను చట్టములోనిది గాదు, ఆ రాష్ట్రపుదే. అయినను పద్ధతి యదియే. ఆ కథకు నాయకుడు విలియం విడ్జెరీ థామసు అను నాతడు. ఈయన మెయినులోని పోర్ట్‌లండు పట్టణమున 1839లో పుట్టెను. లింకను కాలమున స్వీడనులోని గోథెన్‌బర్గు రేవునకు అమెరికా ప్రతినిధిగా పోయి, అచ్చటి భాష నేర్చుకొనెను. నేర్చుట యనగా అంగటి బేరమునకు కావలసినంత నేర్చుట గాదు. విక్టర్ రుడ్‌బెర్గు అను స్వీడను రచయిత నవల నొకదానిని ఇంగ్లీషులోనికి అనువదించి 1869లో ప్రకటించెను. ఒకజాతిని నమ్మి పిలుచుకొని రాబోవువాడు ముందుగా ఆ జాతి గ్రంథమును చదివి యుండుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన సంగతి.

మెయిన్ రాష్ట్రమునకు ఆ దినములలో ఒక చింత పట్టుకొనెను. 1860 జనాభాలెక్కలో 6,28,279 మంది యున్నవారు 1870 లెక్కకు 6,26,915 అయిరి. దేశమంతయు పెరుగుచుండగా ఈ రాష్ట్రము తఱుగుచుండెను. యువకులు పడమటి మంచినేలలకు పోవుచుండిరి. ఉత్తరమున అరూస్టుక్ అను మండలములో లక్షల ఎకరముల అడవి మనుష్యసంచారము లేక పడియుండెనని పాలకుల తలంపు. చలికిని, అడవికిని అలవడిన స్వీడనువారిని తెచ్చి అచ్చట నిలిపినచో బాగుండునని థామసు ఏండ్లుగా చెప్పుచు వచ్చెను. తుదకు 1870 మార్చిలో శాసనసభవారు ఒప్పుకొని, ఆ పని ఆయనకే అప్పగించిరి.

థామసు మే నెలలో స్వీడనుకు చేరి, ఎవరుబడిన వారిని చేర్చుకొనలేదు. మతగురువునుండియు, పనిచేసిన యజమానునుండియు నడవడిని గూర్చి వ్రాతపూర్వకమైన సాక్ష్యము తెచ్చినవారినే తీసికొనెను. రైతులే యెక్కువ, వారిలో వడ్రంగము, కమ్మరము, కుట్టుపని, కొయ్యజోళ్లు చేయుపని ఎఱిగినవారు కూడ నుండిరి. 22 మంది పురుషులు, 11 మంది స్త్రీలు, 18 మంది పిల్లలు, మొత్తము 51 మంది. వారందఱు తమ ఓడకూలి తామే పెట్టుకొనిరి. ఇది గుర్తుంచుకొనవలసిన విషయము. అదే కాలమున మన తెలుగుతీరమునుండి మారిషసు ద్వీపమునకును, నేటాలునకును పోయినవారు ఒడంబడికకు లోబడి, కట్టుకూలీలై పోయిరి. ఓడ యెక్కుట ఇద్దఱికిని ఒకటే. దిగినప్పుడు ఒకరికి నూఱెకరములు, ఒకరికి చెఱకుతోటలోని కూలి.

1870 జూన్ 25న గోథెన్‌బర్గులో ఓడ యెక్కి, ఇంగ్లండులో హల్ రేవున దిగి, రైలుమీద లివర్‌పూలు చేరి, అచ్చట వేఱొక పెద్ద ఆవిరియోడ యెక్కి జులై 13న కెనడాలోని హాలిఫాక్సు రేవున దిగిరి. అటుపిమ్మట సెయింట్ జాన్ నది నెదురెక్కి పోవలెను. నీరు చాలక ఆవిరిపడవలు పైకి నడువవయ్యెను. అడుగు చదునుగా నున్న పడవలలో సామానులను మనుష్యులను ఎక్కించి, గట్టువెంట గుఱ్ఱములచేత లాగించిరి. 51 మందిలో ఒక పసికందు ఈ ప్రయాణములో మరణించెను. నది విడిచినతరువాత బండ్లు. సరిహద్దు దాటగనే ఫోర్ట్ ఫెయిర్‌ఫీల్డు, కారిబూ అను గ్రామములవారు వీథులలోనికి వచ్చి వీరికి స్వాగతము చెప్పిరి. జులై 23న అడవి నడుమకు చేరిరి. ప్రభుత్వపు పటములో ఆ స్థలమునకు పేరు లేదు. ‘పదునైదవ నంబరు, మూడవ వరుస’ అని మాత్రముండెను. థామసు దానికి న్యూ స్వీడను అని నామకరణము చేసెను. అనగా క్రొత్త స్వీడను.

రాష్ట్రప్రభుత్వము చేసిన మాట యిది: ఒక్కొక్క కుటుంబమునకు 100 ఎకరముల అడవి, అందులో అయిదెకరముల చెట్లు కొట్టించి యిచ్చుట, ఒక దుంగల యిల్లు కట్టించి యిచ్చుట. 25 ఇండ్లు కట్టవలసి యుండగా వీరు చేరునప్పటికి ఆఱు మాత్రమే నిలిచియుండెను. ప్రభుత్వములు చెప్పిన గడువునకు పని ముగించుట ఏ దేశమునను అరుదే గాబోలు. ఆ యాఱింటిలో అందఱు సర్దుకొని, తక్కిన యిండ్లు కట్టు పనిలో తామును చేరిరి.

ఆ యిండ్లన్నియు ఒకే కొలతవి. నేలమీద 18 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు. బెరడు ఒలిచిన గుండ్రని దుంగలను పేర్చిన గోడలు. క్రింద ఏడడుగుల ఎత్తు గది. పైన అటకవంటి అర అంతస్తు. కప్పునకు సీడరు కొయ్యను చేతితో చీల్చి నునుపుచేసిన పొడుగు చెక్కపెంకులు. క్రింది భాగమును చిత్రిక పట్టని పలకలతో మూడుగా విభజించిరి: 16 అడుగులకు 18 అడుగుల పెద్దగది, 10 అడుగుల చదరపు పడకగది, సామానుల కొట్టు. క్రింద నాలుగు కిటికీలు, పైన ముందువైపు ఒకటి. పెద్దగదిలో పోతయినుపపొయ్యి, దాని పొగగొట్టము కప్పులో బిగించిన ఇనుపరేకుగుండ వెలికి పోవును. ఇంతే. పదిమంది పిల్లలున్నను, ఒక్కడే యున్నను ఇల్లిదియే.

పొలముల పంపకము జులై 25న జరిగినది. నేల అంతయు ఒక తీరున ఉండదు గదా. ఒకనికి వాగు ఒడ్డు, ఒకనికి గుట్టదరి. ఎవరికేది యన్న తగవు రాకుండ చీట్లు వేసిరి. అయితే బంధువులు, స్నేహితులు పొరుగుపొరుగున నుండగోరినచో వారిని ముందుగానే జట్లు కట్టి, జట్టునకు చీటి తీయించిరి. ఇది నాకు మిక్కిలి తెలివైన యేర్పాటుగా తోచినది. 1827 నాటి శాసనము స్వదేశమున వారిని ఒకరికొకరిని దూరము చేసెనని ఇంతకుముందే చెప్పితిని. ఇచ్చట అడవిలో దిగిన మూడవనాడే ఇరుగుపొరుగు కుదిరెను.

ఇక దుంగల యింటిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. అమెరికాలో మొదట దిగిన ఇంగ్లీషువారు దుంగల యిండ్లే కట్టుకొనిరని చాలకాలము పటములలో వేయుచు, పాఠములలో చెప్పుచు వచ్చిరి. అది సరి గాదని 1939లో ప్రకటింపబడిన ఒక పరిశోధన నిరూపించినది. 1620లో ప్లిమతులో దిగినవారు తమ దేశపద్ధతిని కొయ్యచట్రము నిలిపి పలకలు కొట్టిన యిండ్లే కట్టిరి. అడ్డముగా దుంగలు పేర్చు విద్యను ఆ దేశమునకు తెచ్చినవారు 1638లో డెలవేరు నదీతీరమున దిగిన స్వీడనువారును, వారితో వచ్చిన ఫిన్నులును. ఆ వలసకు కూడ న్యూ స్వీడను అనియే పేరు. 1655లో డచ్చివారు దానిని పట్టుకొనిరి. రాజ్యము పోయినను ఇల్లు కట్టు విధము మిగిలినది. జర్మనులు తరువాత వచ్చి తమ పద్ధతిని కూడ చేర్చిరి. 1840 నాటికి దుంగల యిల్లు అమెరికావారికి ఎంతటి గౌరవచిహ్నమైనదనగా, ఆ యేటి అధ్యక్షపదవి ఎన్నికలో హారిసను పక్షమువారు దాని బొమ్మను ఊరేగించి ఓట్లడిగిరి.

స్వీడను పద్ధతికిని, తొందరలో వేసికొను అమెరికా గుడిసెకును భేదము దుంగల నడుమ సందులో నున్నది. అమెరికా గుడిసెలో గుండ్రదుంగలను కొనలయందు గాడి చెక్కి ఒకదానిపై నొకటి వేయుదురు. నడుమ నాలుగు వ్రేళ్లు పట్టు సందులుండును. వానిని కొయ్యముక్కలతోను, బంకమట్టితోను పూడ్చుదురు. ఎండకు మట్టి నెఱియలిచ్చి రాలును. ప్రతి యేడును మరల పూయవలెను. స్వీడను పనివాడట్లు చేయడు. చెట్లను శీతకాలమున, రసము తక్కువగా నున్నప్పుడు కొట్టును. మన మయమతాది శిల్పగ్రంథములలోను చెట్టు నెన్నుకొనుట, కొట్టదగిన కాలము మున్నగునవి చెప్పబడినవని పెద్దలెఱుగుదురు. అడవితో బ్రదుకువాడు ఏ దేశమున నున్నను కొయ్యకాలము నెఱిగి తీరవలసినదే. తరువాత వెడల్పు వాదరగల గొడ్డలితో దుంగను రెండు ప్రక్కల చదునుగా చెక్కును. చెక్కిన దుంగను క్రింది దుంగమీద నుంచి, రెండు కొనలుగల గీతపెట్టు ఇనుపపనిముట్టుతో క్రింది దుంగ వంకరటింకరలన్నిటిని పై దుంగ ప్రక్కన గీయును. ఆ గీత ననుసరించి పై దుంగ అడుగున పొడుగునను ఒక కాలువ తొలుచును. అందులో అడవిలో రాళ్లమీద పెరుగు మెత్తని నాచును దట్టముగా పఱచి పై దుంగను దించును. రెండు దుంగలు ఒక్కటే యన్నట్లు కలిసిపోవును. పై దుంగ బరువు నాచును అదుముచున్న కొలది సందు ఇంకను బిగియును. కత్తిమొన దూర్చుటకు చోటుండదు. గాలి యెట్లు దూరును?

మూలలయందు దుంగలు కలియుచోట పావురపు తోక యాకారమున చెక్కి ఒకదానిలో నొకటి పట్టించుదురు. ఇట్లు పట్టిన దుంగలు ఎటు లాగినను ఊడవు, మేకుతో పనిలేదు. వాన నీరు సంధిలో నిలువక వెలుపలికి జాఱునట్లు ఆ చెక్కుటలో వాలు కూడ నుంచుదురు. గోడల అడుగున, మూలలయందు పెద్దరాళ్లు పెట్టి, దుంగ నేలను తాకకుండ చూతురు. తాకినచో చెద గాకున్నను చెమ్మ తినును.

ఇంకొక మెలకువ కలదు. పచ్చికొయ్య ఆఱినకొలది పొడుగున ముడుచుకొనదు గాని మందమున సన్నగిల్లును. కనుక గోడ యెత్తు ఏడాది రెండేండ్లలో కొన్ని అంగుళములు దిగును. ఈ సంగతి తెలియనివాడు తలుపు చట్రమును గోడకు బిగించి కట్టినచో, దిగివచ్చు గోడ ఆ చట్రముమీద కూర్చుండి తలుపు తెఱవనీయదు. అందుచేత ద్వారబంధమునకు పైన కొంత ఖాళీ విడిచి, దానిని నాచుతో నింపి, పైన పలక కప్పుదురు. గోడ దిగునపుడు ఆ ఖాళీ దాని నోర్చుకొనును. స్వదేశమున కప్పుమీద భూర్జవృక్షపు బెరడు పొరలు పొరలుగా పఱచి, దానిపై గడ్డిమట్టి వేసెడివారు. భూర్జపత్రమన మనకు క్రొత్త గాదు. కాశ్మీరదేశపు పండితులు దానిమీదనే గ్రంథములు వ్రాసిరి. ఆ బెరడు నీరు పట్టదు, త్వరగా కుళ్లదు. మెయినులో సీడరు పెంకు చౌకగా దొరకుటచేత ఆ పద్ధతి మానుకొనిరి.

ప్రభుత్వము ఇచ్చిన గుండ్రదుంగల యిండ్లలో ఉన్నవారు నాలుగు మెతుకులు కూడిన తరువాత తమ చేతితో తమ పద్ధతి నిండ్లు కట్టుకొనసాగిరి. బీదతనమే ప్రధానమైనచో మొదటి యిల్లు చాలును గదా అని కొందఱనవచ్చును. కాని చలిదేశమున సందులులేని గోడ భోగము గాదు. కట్టె యెంత కాల్చవలెను, పసిబిడ్డ రాత్రి బ్రదుకునా లేదా అన్నది ఆ సందులోనే యున్నది.

మొదటి శీతకాలము గడచిన విధము. పంట లేదు. జులై చివరను, కొట్టివేసిన చెట్లను కాల్చి, మొద్దుల నడుమ బూడిదలో ముల్లంగిజాతి దుంపగింజలు చల్లిరి. శరత్కాలమున రై ధాన్యము విత్తిరి. నాగలి దూరదు, గడ్డపాఱయు, గుద్దలియే సాధనములు. తినుటకు కావలసిన సరకులను రాష్ట్రమువారు అరువిచ్చిరి. ఊరకే గాదు: బాటలు వేయుపనికి, ఇండ్లు కట్టుపనికి దినమునకు ఒక డాలరు చొప్పున కూలి కట్టి, ఆ కూలిక్రింద సరకు లిచ్చిరి. మంచు దిగిన తరువాత మగవారు ఇంటిలో కూర్చుండి సీడరు పెంకులు చీల్చి నునుపుచేసిరి. ఆ పెంకులను కారిబూ అంగళ్లకు మోసికొనిపోయి పిండికిని, ఉప్పునకును మార్చుకొనిరి. తొలినాళ్లలో అవియే నాణెములవలె చెల్లెను. ఆడువారు ఉన్ని వడకిరి, నేసిరి. చెట్లు కాల్చుపనిలో మగవారితో సమముగా మసిబూసికొనిరి. ఆ గుంపులో మొదట పుట్టిన శిశువునకు తలిదండ్రులు విలియం విడ్జెరీ థామసు పేరే పెట్టిరి. ఆయనను ఎట్లు తలచిరో చెప్పుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పినదానిలో ఒక్క మాట విడిచితిని. ఆ అడవి ‘మనుష్యసంచారము లేని’ దని పాలకులు తలచిరంటిని. అది నిజము గాదు. ఏ నదిమీద ఆ పడవలు లాగబడెనో ఆ సెయింట్ జాన్ నదిని మాలిసీటు జాతివారు వోలాస్టొక్ అందురు. మంచినది యని దాని కర్థము. తాము ఆ నది ప్రజలమనియే వారు తమ్ము పేర్కొందురు. ఆ నదికి ఉపనదులైన అరూస్టుక్ మండలపు నీళ్లన్నియు వారి వేటకును, చేపలకును, మిక్మా జాతివారి రాకపోకలకును తరతరములుగా నెలవులు. వారు నేలకు కంచె వేయలేదు, పటములో గీత గీయలేదు. అందువలన అది ఎవరిదియు గాదని లెక్కించిరి. స్వీడను రైతు దొంగ గాడు. అతనికి ఇచ్చినవాడు ఇచ్చినాడు, అతడు పుచ్చుకొన్నాడు. ఇచ్చినవానికి అది యెట్లు వచ్చెనో అడుగు తీరికయు, భాషయు ఆకలిగొన్నవానికి లేకుండెను. అడుగవలసినవారు మఱియొక నూఱేండ్లకు గాని అడుగలేదు. 1980లో ఒక చట్టముచేత హౌల్టను మాలిసీటు సంఘమును అమెరికా ప్రభుత్వము గుర్తించి నేల కొనుటకు ధనమిచ్చెను. అరూస్టుక్ మిక్మా సంఘమునకు 1991లో గాని ఆ గుర్తింపు రాలేదు. మిన్నెసోటాలో ఈ కథ ఇంకను క్రూరముగా నడచినది. 1851 సంధులచేత డకోటాజాతి తన నేలలో అధికభాగమును కోల్పోయెను. ఇచ్చెదమన్న సొమ్ము సకాలమున రాక ఆకలిచే 1862లో తిరుగబడెను. అప్పుడు స్వీడను వలసకుటుంబములు కూడ కొన్ని హతమైనవి. ఆ డిసెంబరు 26న మాంకటో పట్టణమున 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీసిరి. అదే యేడు మే నెలలో హోంస్టెడ్ చట్టమునకు సంతకము పడెనని శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

న్యూ స్వీడను మాత్రము నిలిచినది. మొదటివారి ఉత్తరములు చూచి యేటేట క్రొత్తవారు వచ్చిరి. చుట్టును వుడ్‌లండు, స్టాక్‌హోము, వెస్ట్‌మన్‌లండు అను ఊళ్లు లేచినవి. గుట్టమీద ఒక పెద్ద కొయ్యభవనము కట్టి దానికి కాపిటోలియ మని పేరుపెట్టిరి. అదియే గుడి, అదియే బడి, అదియే సరకుల గిడ్డంగి. 1895లో న్యూ స్వీడను సర్వహక్కులుగల పట్టణముగా ఏర్పడినది. అరూస్టుక్ నేలకు బంగాళాదుంప అమరినట్లు మఱేదియు అమరలేదు. దుంపలనుండి గంజిపిండి తీయు కర్మాగారములు ఆ మండలమున లేచినవి, తరువాత రైలుమార్గము వచ్చినది. దుంప దూరపట్టణములకు పోయినది. స్వీడనులో జనమును పెంచి, నేలను చాలకుండచేసి, వీరిని ఓడ యెక్కించిన కారణములలో ఒకటైన ఆ దుంపయే ఇచ్చట వీరికి ధనమైనది. థామసు తరువాత అమెరికా రాయబారిగా మూడుమారులు స్వీడనుకు పోయి, 1927లో గతించెను.

కోతమిల్లులు వచ్చిన పిదప పలకలు చౌకయైనవి. సంపన్నులైనవారు దుంగగోడలమీద పలకలు కొట్టి తెల్లరంగు వేసికొనిరి. కొందఱు పాత యింటిని ధాన్యపు కొట్టుగా మార్చి ప్రక్కన క్రొత్తది కట్టిరి. దుంగల యిల్లు బీదతనపు గుర్తని కొడుకులకు సిగ్గు కలిగెను; మనుమలకు అది గర్వమైనది. ఈ మాఱ్పునకు మూడు తరములు పట్టుట లోకమునందంతటను కనబడుచున్నది. అట్లు పలకలచాటున దాగిన దుంగగోడలు కొన్ని, ఆ పలకలు విప్పినప్పుడు, గొడ్డలి దెబ్బలు నిన్నటివియో యన్నట్లు బయటపడినవి. కాపిటోలియము 1971లో అగ్నికి ఆహుతియైనది. ఊరివారు అదే రూపమున మరల కట్టి అందులో పాతసామానులను దాచిరి. తొలి కాపురస్థులనాటి పద్ధతిని చెక్కినదుంగలతో కట్టిన లార్సన్-ఓస్ట్‌లుండ్ రెండంతస్తుల యిల్లును, దానితో ఒక కమ్మరికొలిమియు ఇప్పటికిని ఆ యూరిలో భద్రముగా నున్నవి. ఏటేట జూన్ నెలలో, పగలు మిక్కిలి దీర్ఘముగా నుండు దినములలో, ఆ యూరివారు ఆకులతో పూలతో చుట్టిన కంబము నొకటి నిలిపి, దానిచుట్టు చేతులు పట్టుకొని స్వీడను పాటలు పాడుచు తిరుగుదురు. పాటల అర్థము తెలిసినవారు వారిలో ఇప్పుడు కొద్దిమందియే.